రోజుకు ఆరు పేజీలు

లెక్కల్లో వెనుకబడిన పిల్లలకు పెద్ద లక్ష్యం మంచిదా, చిన్నదా? అమెరికాలో ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ 1981లో ప్రచురించిన ప్రయోగం దీన్నే పరీక్షించింది. తీసివేతలు సరిగా రాని, లెక్కలంటే ఆసక్తి లేని 40 మంది పిల్లలను తీసుకున్నారు. నేర్చుకోవలసినవి 42 పేజీలు, 7 రోజులు. కొందరికి రోజుకు కనీసం 6 పేజీలు చేయమన్నారు. కొందరికి చివరికల్లా 42 చేయమన్నారు. మిగిలినవారికి లక్ష్యమే లేదు.

ఆరేళ్లు నలభై రెండే కదా! అయినా మొదటి జట్టే త్వరగా నేర్చుకుంది. వారిలో ‘నాకు వచ్చు’ అన్న నమ్మకం పెరిగింది. ఆపై ఎవరూ చెప్పకుండానే తీసివేతలు చేశారు. దూరపు లక్ష్యం మాత్రం, అసలు లక్ష్యం లేకపోవడం కన్నా మేలేమీ చేయలేదు. ఆరు పేజీలైతే ఏ రోజుకారోజు గెలుపు కంటికి కనిపిస్తుంది. నలభై రెండైతే మొదటి రోజు కనిపించేది మిగిలిన ముప్ఫై ఆరే. ఇంకో సంగతి: ఆ ఆరు పేజీలు సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు.