నిమ్మకాయ మంచిదేదో చూసి కొందాం

సంతలో నిమ్మకాయల కుప్ప చూడగానే చెయ్యి పెద్ద కాయ మీదికే పోతుంది. పెద్ద కాయలో రసం ఎక్కువ అనుకుంటాం. అన్నిసార్లూ అలా ఉండదు. తోలు మందంగా, గరుకుగా ఉంటే కాయ ఎంత పెద్దదైనా రసం తక్కువే. తోలు పలచగా, నున్నగా ఉండాలి. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియాలి. ముచ్చిక దగ్గర మెత్తబడిన కాయ, బూజు పట్టిన కాయ వద్దు. ఒకటి కుళ్లితే పక్కవీ పాడవుతాయి.

ఇంటికి తెచ్చాక తడి లేకుండా తుడవండి. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వదిలేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది. నీడపట్టున బుట్టలో పెడితే వారం దాకా ఉంటాయి. ఫ్రిజ్ ఉన్నవాళ్లు మూత డబ్బాలో పెడితే ఇంకా ఎక్కువ రోజులు ఆగుతాయి.

గూడూరు, తెనాలి నుంచి నిమ్మకాయలు లారీల్లో చాలా దూరం పోతాయి. ఢిల్లీలో ఎండలు ముదిరితే మన సంతలో ధర పెరుగుతుంది! అందుకే చౌకగా దొరికినప్పుడే ఉప్పులో ఊరవేసుకోవాలి. జాడీలోగాని, గాజు సీసాలోగాని వేయండి. ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు. పులుపు లోహాన్ని తింటుంది.

ఇప్పుడు అసలు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి 57 మందికి రక్తం తక్కువ. సగం కంటే ఎక్కువ! రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. తోటకూరలో, పప్పుల్లో ఇనుము ఉంది. కానీ తిన్నదంతా ఒంటికి పట్టదు. నిమ్మరసంలోని సి విటమిన్ దాన్ని పట్టేలా చేస్తుంది. తోటకూర పప్పు పొయ్యి మీద నుంచి దించాక, అన్నంలో కలుపుకునేటప్పుడు పిండుకోండి. ఉడికేటప్పుడు పిండితే వేడికి ఆ విటమిన్ కొంత పోతుంది. పులిహోరకూ ఇంతే, అన్నం ఆరాక పిండాలి.

అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగండి.

ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు కూడా టీతో కాదు, నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. నిమ్మకాయ తింటున్నాం కదా అని మాత్రలు మానెయ్యకండి. నిమ్మకాయలో ఇనుము లేనట్టే లెక్క. కడుపులో మంట ఉన్నవాళ్లు పులుపు తగ్గించుకోవాలి. నిమ్మకాయ నీళ్లు తాగాక నోరు పుక్కిలించండి. పులుపు అలాగే ఉంటే పళ్లు అరుగుతాయి.