ఆదివారం చర్చికి... సోమవారం సంతకి!

కారూ, ట్రక్కూ విడివిడిగా కొనే స్తోమత మాకు లేదు. ఆదివారం చర్చికెళ్లడానికీ, సోమవారం పందుల్ని సంతకు తీసుకెళ్లడానికీ పనికొచ్చే బండి ఒకటి తయారుచేయరూ?

1932లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా నుంచి ఓ రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి రాసిన ఉత్తరం సారాంశమిది.

ఆ పని జీలాంగ్ ఫ్యాక్టరీలోని కుర్ర డిజైనర్ లూ బాంట్‌కి అప్పగించారు. అప్పటికి అతని వయసు 22. అంతకుముందు వచ్చిన ఇలాంటి బండ్లలో ముందు క్యాబిన్ వేరు, వెనక తొట్టి వేరు. బాంట్ ఆ రెంటినీ కలిపేసి ఒకే బాడీగా గీశాడు. ముందు కారులో ఉన్నట్టే సీట్లూ, అద్దాల తలుపులూ. వెనక దాదాపు 540 కిలోలు మోసే తొట్టి. అంత బరువుకీ తట్టుకునేలా కింది ఫ్రేమును గట్టిపరిచాడు.

1934లో ఆ 'కూపే యుటిలిటీ' రోడ్డెక్కింది. జనం ముద్దుగా 'యూట్' అన్నారు. 2016లో ఫోర్డ్ అక్కడ దాని తయారీ ఆపేసింది. అయితేనేం... ఓ ఇల్లాలి ఉత్తరం ఎనిమిది దశాబ్దాలు బరువులు మోసింది!