దొంగ క్యాసెట్టు – దొరకని ఆట

1990ల నాటి మాట. వేసవి సెలవులకు ఏలూరు వచ్చిన పిల్లలకు కొల్లేటి కొంగలు అక్కరలేదు. కరెంటున్నంతసేపూ టి.వి. ముందే మకాం! వీడియో గేము క్యాసెట్టు అట్ట మీద 99,99,999 ఆటలని అచ్చు. లెక్కపెడితే తేలేవి పదో, పదిహేనో. తక్కినవన్నీ వాటికే మారుపేర్లు.

అందులో మారియో ఆట జపానులో నింటెండోవారు 1985లో విడుదల చేసినది. అట్ట మీద మాత్రం వారి పేరు లేదు. దొంగసొత్తని మనకేం తెలుసు?

మొన్న తాడేపల్లిగూడెం నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. యిప్పుడతడు యిద్దరు పిల్లల తండ్రి.

"మావయ్యా, ఆ ఆట పిల్లలకు చూపించాలి. ఇంటర్నెట్టులో ఊరికే దొరుకుతోంది. దింపుకుంటే తప్పా?"

తప్పే! మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు కూడా సాహిత్యం కిందికి వచ్చాయి. పైగా మారియో ఆటను నింటెండోవారు తమ స్విచ్ యంత్రంలో చందాదారులకు అందిస్తూనే ఉన్నారు. పాత కంప్యూటరు ఆటలను పోలెండులోని గాగ్ సంస్థ 2008 నుంచి అమ్ముతోంది.

మరి అంగట్లో లేని ఆటల మాటేమిటి? అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటలలో నూటికి 87 అమ్మకానికే లేవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. పరిశోధకులకు గ్రంథాలయాలు వాటిని దూరం నుంచే చూపేందుకు అనుమతి కోరితే, 2024లో అక్కడి కాపీరైటు కార్యాలయం కాదంది.

దొరికేదాన్ని కొనుక్కోవడం మర్యాద. దొరకనిదాన్ని గ్రంథాలయమైనా చూపించలేకపోతే, రేపటి పిల్లలకు దొంగ క్యాసెట్టే దిక్కవుతుంది కదా!