వెనుదిరిగిన సేనాపతి

నక్కపల్లి దగ్గర పెద్దరోడ్డు విడిచి సముద్రం వైపు పోతే రాజయ్యపేట వస్తుంది. మత్స్యకారుల గ్రామం. తిక్కన సోమయాజిని గూర్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పవలసినదని అక్కడ ఉపాధ్యాయుడుగా ఉన్న నా పూర్వశిష్యుడు పిలువగా వెళ్ళినాను. మధ్యాహ్నపు ఎండ, పక్కనే కడలి హోరు. పదిహేను పర్వాలు తెనిగించిన మహాకవి గొప్పతనం తొమ్మిదవ తరగతి పిల్లలకు ఏమని చెప్పను? ఉపాధ్యాయులందరూ చేసే పనే నేనూ చేసినాను. కవిని ఒకింత పక్కన పెట్టి, ఆయన దాయాది సోదరుడైన ఖడ్గతిక్కన కథ ఎత్తుకొన్నాను.

కథ అందరికీ తెలిసినదే. నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికి ఖడ్గతిక్కన దండనాథుడు. పుల్లరి విషయమై రాజుకూ యాదవవీరుడు కాటమరాజుకూ వైరం పొడసూపినది. ఎఱ్ఱగడ్డపాటి పోరులో సైన్యం నశించగా తిక్కన ఇల్లు చేరినాడు. ఇల్లాలు స్నానానికి నీళ్ళు తోడి, మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద ఉంచినది. ఇదేమని అడిగితే, పగరకు వెన్నిచ్చి వచ్చినవానికి ఆడువారి మర్యాదలే తగునన్నది. తల్లి విరిగిన పాలు వడ్డించి, నీవు విరిగి వచ్చినావు, పసులూ విరిగినవి, పాలూ విరిగినవన్నది. ఆ మాటలు పడలేక అతడు మరల రణరంగానికి పోయి ప్రాణం విడిచినాడు. చాటువులుగా నోటినోట నడచి వచ్చిన ఈ కథలో చరిత్ర పాలెంతో, కల్పన పాలెంతో విడదీయుట నా పని కాదు. ముప్పది యేండ్లుగా చెబుతున్నాను. ఒక్కసారైనా తరగతిలో సూది పడితే వినబడనంత సద్దు ఉండగా ఆ కథ ముగించినది లేదు.

ఆనాడు కూడ నిశ్శబ్దమే. అంతలో వెనుకవరుస నుండి ఒక కుర్రవాడు లేచినాడు.

“మాస్టారండీ, మా అయ్య తుపానుకి వల కోసీసి ఒచ్చీసినాడండి. పడవలో ఆరుగురున్నారండి.”

“మీ అమ్మ ఏమన్నదిరా?” అన్నాను.

“ఏటీ అన్నేదండి. నీళ్ళెట్టింది. అన్నం ఎట్టింది.”

పిల్లలు నవ్వినారు. నేను నవ్వలేకపోయినాను. ఆ కుర్రవాడు కూర్చోలేదు. ఇంకొక ప్రశ్న అతని వద్ద ఉన్నది. “ఆయన సేనాపతి కదండీ, మరి ఆయనెనకాల ఎల్లినోళ్ళేటయ్యారండీ?”

చాటువులలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. వెనుక నడచినవారి పేర్లు అసలే లేవు. ఒక రాజ్యంలో సేనలన్నిటికీ పైవాడైన ఉద్యోగి చేయవలసిన పని ఏమిటి, చావడమా, చంపడమా, లేక ఇంకేదైనానా అని ఆ సాయంకాలం బస్సులో ఇంటికి వచ్చే దారి పొడుగునా ఆలోచించినాను. ఆ ఆలోచన ఫలమే ఈ వ్యాసం.

సేనానులను మన భాష మొదటినుండి ఆదరించినది. నేటికి దొరికినంతలో ఛందోబద్ధమైన తొలి తెలుగు పద్యం ఏ రాజును గూర్చి చెప్పినదో అని వెదకితే, అది ప్రధానంగా ఒక సేనాపతిని గూర్చినది! అద్దంకి శాసనంలోని తరువోజ అది. క్రీ.శ. 848 ప్రాంతపుదని పండితుల నిర్ణయం. తూర్పు చాళుక్య ప్రభువు గుణగ విజయాదిత్యుని దండనాయకుడు పండరంగడు పన్నెండు బోయకొట్టములు జయించిన సంగతి అందులో ఉన్నది. కాకతి గణపతిదేవుని గజసాహిణి, అనగా ఏనుగుల దళానికి అధిపతి, అయిన జాయపసేనాని కథ మరింత చిత్రం. యుద్ధపు టేనుగులను నడిపిన ఆ చేయి నృత్తరత్నావళిని వ్రాసినది. నాట్యశాస్త్రం చెప్పే మిత్రులు ఈ సంగతి తలచుకొని మురిసిపోతూ ఉంటారు, మురియవలసినదే.

కాని రాజుకూ సేనాపతికీ నడుమ ఉండే ముడిని విప్పి చూపినది భారతమే. ఉద్యోగపర్వంలో కౌరవసేనకు భీష్ముని అధిపతిగా అభిషేకించిన ఘట్టం మరల చదువండి. అంతకు ముందు సంధి చేసుకొమ్మని దుర్యోధనునికి ఆ వృద్ధుడు చెప్పినంత గట్టిగా చెప్పినవారు తక్కువ. రాజు వినలేదు. అప్పుడు ఆయన సేనాపత్యం స్వీకరించినాడు, కాని తన హద్దులు ముందే చెప్పినాడు: పాండుకుమారులను చంపను, ఇతర వీరులను ప్రతిదినం వేలకొలదిగా కూలుస్తాను, మరి నేనో కర్ణుడో, ఎవరో ఒకరే ముందు పోరాడవలెను. భీష్ముడు పడేవరకు తాను ఆయుధం పట్టనని కర్ణుడు భీష్మించుకొన్నాడు. రాజు నోరు మెదపలేదు. సైన్యమంతటికీ పెద్ద అన్న బిరుదు ఒకరిది, రాజు మనస్సులో నమ్మకం మరొకరి మీద. ఇట్టి ఇల్లు నిలుచునా?

ఇటువంటి ఇల్లు మన నేల మీద, మన పెద్దల కాలంలోనే మరొకటి ఉండినది. 1948లో హైదరాబాదు.

బ్రిటిషువారు వెళ్ళిపోయిన తరువాత ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారతదేశంలో చేరక, 1947 నవంబరు 29న ఏడాదిపాటు యథాతథ ఒడంబడిక మాత్రం చేసుకొన్నాడు. ఎటు చూచినా భారతభూమి. సముద్రం లేదు, ఓడరేవు లేదు. చెప్పుకోదగిన విమానబలం లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశపు వైమానికుడు రహస్యంగా విమానాలలో తెచ్చి దింపిన ఆయుధాలే దిక్కు. ఆ సైన్యానికి అధిపతి మేజరు జనరల్ సయ్యద్ అహమ్మద్ ఎల్ ఎద్రూస్. బిరుదును బట్టి చూస్తే ఆ రాజ్యంలో ఆయుధం పట్టిన ప్రతివాడూ ఆయన మాట వినవలెను. వాస్తవం వేరు. లాతూరు వకీలు కాశిం రజ్వీ నాయకత్వాన రజాకార్లనే మరొక బలగం ఊళ్ళమీద పడి తిరుగుతున్నది. దానికి శిక్షణ లేదు, సైనికశాసనం లేదు, సేనాపతి ఆజ్ఞ లేదు. ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగురవేస్తామన్న కేకలు మాత్రం ఉన్నవి. తెలంగాణ పల్లెలలో ఆ రోజులు చూచిన కుటుంబాలలో ఈనాటికీ ఆ పేరు గొంతు తగ్గించి పలుకుతారు. రాజ్యపు ఖడ్గం రెండు ముక్కలై, పదునైన మాట ఒకరి చేతిలో, పిడి మరొకరి చేతిలో ఉన్నది. భీష్ముడూ కర్ణుడూ నాకు ఇక్కడనే జ్ఞాపకానికి వస్తారు. పోలిక అంతవరకే. రజ్వీని కర్ణునితో పోల్చి కర్ణునికి అపచారం చేయను.

ఇవతలి పక్షం సంగతి కూడ చూడవలెను. ఆనాటి భారతసైన్యానికి సర్వసేనాని జనరల్ రాయ్ బుచర్, ఆంగ్లేయుడు. హైదరాబాదుపై సైనికచర్యకు ఆయన సంకోచించినాడు, జాప్యం చేయుటే మంచిదన్నాడు. నెహ్రూ, పటేలులు ఉన్న మంత్రివర్గం ఆ మాటలు విని, చర్య జరుగవలెననే నిర్ణయించినది. నిర్ణయం అయిన పిమ్మట సైన్యం కదలినది. తన అభిప్రాయాన్ని ముఖం మీద చెప్పుట సేనాపతి హక్కు మాత్రమే కాదు, జీతం తీసుకొనే పని కూడ. చెప్పిన మీదట, నిర్ణయం తనది కాదని తెలిసి మసలుకొనుట ఆ పనిలో రెండవ సగం. మొదటి సగం లేనివాడు భట్రాజు. రెండవ సగం లేనివాడు రాజద్రోహి.

సెప్టెంబరు 13న దక్షిణ మండల సేనాని లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహజీ ఆధ్వర్యాన దండు బయలుదేరినది. షోలాపూరు నుండి మేజరు జనరల్ జె. ఎన్. చౌధురి నడిపిన కవచవాహనాల దళం ప్రధానం. బెజవాడ దిక్కు నుండి మరొకటి. నల్‌దుర్గం మొదటిరోజే చేజిక్కినది. అయిదు రోజులు కూడ నిండలేదు. 17న లాయిక్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చినది, నిజాము కాల్పుల విరమణ ప్రకటించినాడు. మరునాడు, 18వ తేదీ సాయంకాలం, ఎల్ ఎద్రూస్ నగరం వెలుపల చౌధురికి ఎదురేగి తన సైన్యంతో సహా లొంగిపోయినాడు. ఇద్దరు మేజరు జనరల్సు ఎదురెదురుగా నిలిచిన ఛాయాచిత్రం చరిత్రపుస్తకాలలో దొరుకుతుంది. పిల్లలకు చూపించవలసిన చిత్రం అది.

ఆ చిత్రాన్ని ఖడ్గతిక్కన కథ పక్కన ఉంచి చూడండి. పౌరుషం గల మన వాఙ్మయం ఈ రెండవ సేనాపతిని ఏమి చేయునో నాకు తెలియును. మంచం అడ్డు పెట్టును, పసుపుముద్ద ఇచ్చును, పాలు విరుచును. ఆయన పోరాడిన పక్షం న్యాయమైనది కాదు. ఆ రాజ్యం నిలువవలసినదీ కాదు. అందులో నాకు సందేహం లేదు. అయినను ఆనాటి సాయంకాలం ఆయన చేసిన పనిని మాత్రం తూకం వేయవలసివున్నది. చివరి మనిషి వరకు పోరాడుదుమని కేకలు వేసిన బలగం ఒకటి పక్కనే ఉన్నది. వీధివీధిలో పోరు సాగితే హైదరాబాదు నగరం ఏమయ్యేది? ఆయన వెనుక నిలిచిన సిపాయిలు ఏమయ్యేవారు? రాజయ్యపేట కుర్రవాని ప్రశ్నకు ఖడ్గతిక్కన కథలో లేని జవాబు ఈ చిత్రంలో కొంత ఉన్నది. సిపాయిలు బ్రతికినారు.

జయించిన సేనాపతి పని లొంగుబాటుతో ముగియదని కూడ చెప్పక తప్పదు. చౌధురి హైదరాబాదుకు సైనిక గవర్నరైనాడు. ఆ సెప్టెంబరులోను, దాని వెనువెంటనే కూడ రాజ్యంలోని కొన్ని జిల్లాలలో, ముఖ్యంగా మరాఠీ ప్రాంతంలో, ముస్లిం ప్రజలపై ఘోరమైన హింస జరిగినది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ సంఘం మృతుల సంఖ్య 27,000కు తక్కువ ఉండదని, 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసినది. ఆ నివేదిక ఏండ్ల తరబడి వెలుగు చూడలేదు. రజాకార్ల దుండగాలు చదివే విద్యార్థి దీనిని కూడ చదువవలెను. సేనాపతి ఆజ్ఞ చేరని చోట ఆయుధం ఏమి చేయునో రెండు పక్కలా ఒకటే విధంగా తెలిసివచ్చినది.

ఎల్ ఎద్రూస్ జ్ఞాపకాలు ఆయన పోయిన చాలా కాలానికి, 1994లో, పుస్తకంగా వచ్చినవి. దాని పేరు ‘ఏడు రొట్టెల హైదరాబాదు’ అని అర్థం వచ్చేటట్లు ఉన్నది. వంశకర్త ఒక ఫకీరు ఇచ్చిన ఏడు రొట్టెలు తిన్నాడనీ, అందువల్ల ఆ వంశం ఏడు తరాలు పాలించుననీ ఐతిహ్యం. ఓడిన సేనాపతి తన పుస్తకానికి తన విజయం పేరు కాదు, ప్రభువుల జాతకం పేరు పెట్టుకొన్నాడు!

ఆ తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1949 జనవరి 15న బుచర్ స్థానంలో కరియప్ప సర్వసేనాని అయినాడు. ఆ పదవిలో తొలి భారతీయుడు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 53వ అధికరణం రక్షణబలాల సర్వోన్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చి, అది చట్టం ప్రకారం నడువవలెనన్నది. 1955లో ‘సర్వసేనాని’ అన్న బిరుదమే తీసివేసినారు. సైన్యంలో పైవానికి నాటినుండి సైన్య ప్రధానాధికారి అనియే పేరు. హైదరాబాదుపై దండు నడిపించిన రాజేంద్రసింహజీయే ఆ బిరుదు ధరించిన కడపటివాడు, కొత్తపేరు ధరించిన మొదటివాడు. పేరు మార్పు చిన్నదని అనుకోరాదు. వైస్రాయి తరువాత అంతటివాడుగా మెలగిన పదవిని సలహా చెప్పే, ఆజ్ఞ నెరవేర్చే పదవిగా మలచుట ప్రజాప్రభుత్వం చేసిన గొప్ప పనులలో ఒకటి. చుట్టుపట్ల దేశాలలో సేనాపతులు రాత్రికి రాత్రి సింహాసనాలెక్కినప్పుడు ఇక్కడ అది జరుగలేదు.

తెలుగువాడైన జనరల్ కె. వి. కృష్ణారావు 1981 జూను నుండి 1983 జూలై వరకు ఈ పదవిలో ఉన్నారు. 1971 యుద్ధంలో సిల్హెట్టు వైపు పోరాడిన 8వ పర్వత డివిజను ఆయనదే. పదవీవిరమణ తరువాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూకాశ్మీరుకు గవర్నరుగా పనిచేసినారు. 2020 జనవరి 1 నుండి మూడు దళాలకు కలిపి రక్షణబలాల ప్రధానాధికారి అనే పదవి కొత్తగా వచ్చినది. మొదటివారు జనరల్ బిపిన్ రావత్. పైస్థాయిలో ఉన్నా, మూడు దళాల అధిపతులపై యుద్ధాజ్ఞ చేసే అధికారం ఆ పదవికి ఇవ్వలేదు. రక్షణమంత్రికి ముఖ్య సైనిక సలహాదారు కావడమే దాని ప్రధానధర్మం. పోటీపరీక్షల పిల్లలు ఈ తేడాలో తరచుగా తప్పు చేస్తారు గనుక ఇంత విడమరచినాను.

రాజయ్యపేటకు ఇంకొకసారి పోయినాను. పోయేదారిలో రాంబిల్లి తీరాన నౌకాదళంవారి స్థావరపు పనుల మాట బస్సులో వినబడినది. ఆ కుర్రవాడు పదవ తరగతికి వచ్చినాడు. ఛాయాచిత్రం చూపి హైదరాబాదు సంగతి చెప్పినాను. ఇద్దరిలో ఓడినవారెవరని అడిగి, వేలు పెట్టి చూపించగా చాలాసేపు ఆ ముఖం చూచినాడు. ఏడుస్తున్నట్టు లేడన్నాడు.

వలలు కోసి వచ్చిన తరువాత మీ అయ్య మరల వేటకు ఎప్పుడు పోయినాడని అడిగినాను.

“నాలుగో రోజునండి,” అన్నాడు. “వల అప్పు తెచ్చినాడండి. ఆ ఆరుగురే ఎల్లినారండి.”