బాబ్స్‌ను తవ్వి తీసిన లెక్చరర్

1927 మార్చి 3న వేల్స్ దక్షిణ తీరంలోని పెండైన్ బీచ్‌లో ఒక రేసు కారు బోల్తా పడి, నడుపుతున్న మనిషిని పొట్టన పెట్టుకుంది. తర్వాత ఆ కారును అక్కడే ఇసుకలో గొయ్యి తీసి పాతిపెట్టారు. యంత్రాలకు అంత్యక్రియలు జరగడం అరుదు. ఆ కారు పేరు బాబ్స్. పోయిన మనిషి జాన్ గాడ్‌ఫ్రీ ప్యారీ-థామస్, వయసు 42. నేల మీద వేగం రికార్డు కోసం పరుగు తీస్తూ ప్రాణం పోగొట్టుకున్న మొదటి డ్రైవర్ ఆయనే.

కారు కూడా సరిగ్గా 42 ఏళ్లే భూమిలో ఉంది. 1969లో దాన్ని బయటికి తీయించినవాడు ఓవెన్ విన్ ఓవెన్. ఉత్తర వేల్స్‌లో, బాంగర్ టెక్నికల్ కాలేజీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే లెక్చరర్. ఆయన ఇప్పుడు లేరు. ఆయన చేసిన పని విలువ తెలియాలంటే ముందు ఆ కారు సంగతి తెలియాలి.

బాబ్స్ మొదట పుట్టింది కెంట్‌లోని హైయమ్ ఎస్టేట్‌లో, కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ అనే సంపన్న యువకుడి చేతుల్లో. విమాన ఇంజన్లను కార్లలో బిగించడం ఆయన సరదా. ఇయాన్ ఫ్లెమింగ్ పిల్లల కోసం రాసిన 'చిట్టీ-చిట్టీ-బ్యాంగ్-బ్యాంగ్'కు ఆ పేరు ఈయన కార్ల నుంచే వచ్చింది. ఈ కారులో పెట్టింది లిబర్టీ ఇంజన్. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం అమెరికా 1917లో హడావిడిగా డిజైన్ చేయించి, వేల సంఖ్యలో తయారు చేసింది. 12 సిలిండర్లు, 27 లీటర్లు, 450 హార్స్‌పవర్. మన రోడ్ల మీది చిన్న కారు ఇంజన్లు రెండు కలిపినా ఇందులో ఒక్క సిలిండర్‌కు కాస్త అటూ ఇటూ. గేరుబాక్సు మాత్రం పాత బెంజ్ రేసు కారుది. జ్బొరోవ్‌స్కీ తండ్రి 1903లో రేసులోనే పోయాడు. కొడుకూ 1924లో ఇటలీలోని మోంజాలో అలాగే పోయాడు.

ఆ కారును 125 పౌండ్లకు కొన్న ప్యారీ-థామస్ డబ్బున్న సరదా రాయుడు కాదు. లేలాండ్ మోటార్స్‌లో చీఫ్ ఇంజనీరుగా చేసి, ఆ ఉద్యోగం వదిలి, బ్రూక్‌లాండ్స్ రేస్ ట్రాక్‌లోనే ఇల్లు పెట్టుకున్న మనిషి. పిస్టన్లు తన డిజైన్‌వి వేశాడు, నాలుగు జెనిత్ కార్బ్యురేటర్లు పెట్టాడు. 1926 ఏప్రిల్‌లో పెండైన్‌లో గంటకు 171 మైళ్లు, అంటే దాదాపు 275 కిలోమీటర్లు అందుకున్నాడు. అంతకు ముందు నెలలో హెన్రీ సీగ్రేవ్ పెట్టిన రికార్డు 152 మైళ్లు! మరుసటి ఫిబ్రవరిలో మాల్కమ్ క్యాంప్‌బెల్ అదే బీచ్‌లో 175కు కాస్త తక్కువగా వెళ్లి రికార్డు లాక్కున్నాడు. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికే ప్యారీ-థామస్ మార్చిలో మళ్లీ ఇసుక మీదికి దిగాడు.

బాబ్స్‌లో ఇంజన్ బలం వెనుక చక్రాలకు చేరేది రెండు చైన్ల ద్వారా. సూత్రం సైకిల్‌దే. గేరుబాక్సు దగ్గర ఇరుపక్కలా పళ్లచక్రాలు, అక్కడి నుంచి ఒక్కో చక్రానికి ఒక్కో చైను. ఈ ఏర్పాటు 1927 నాటికే పాతబడింది, కానీ అంత బలాన్ని మోయడంలో గట్టిది. చిక్కల్లా ఆ చైన్లు డ్రైవర్‌కు మరీ దగ్గరగా తిరగడం. ప్యారీ-థామస్ తలకు ఘోరమైన గాయం అయింది. దాంతో కుడివైపు చైను తెగి తగిలిందనే అందరూ తేల్చేశారు. కారు గోతిలోకి వెళ్లిపోయింది కాబట్టి ఆ మాటే పుస్తకాల్లోకి ఎక్కి, తర్వాతి పుస్తకాలకూ పాకింది.

ఓవెన్ తవ్వకానికి పూనుకునే నాటికి ఆ నేల సైన్యం కాల్పుల సాధన చేసే చోటు. అనుమతులు తెచ్చుకోవాల్సి వచ్చింది. సమాధి లాంటి దాన్ని కదిలించడమేమిటని అభ్యంతరాలూ వచ్చాయి. అవి కొట్టిపారేయదగ్గవి కావు. అయితే ప్యారీ-థామస్ సమాధి ఉన్నది ఇంగ్లండ్‌లోని బైఫ్లీట్ చర్చి ఆవరణలో. పెండైన్‌లో ఉన్నది తుప్పు పడుతున్న సాక్ష్యం.

పైకి వచ్చినదాన్ని చూసి చాలామంది చేతులెత్తేసేవారు. ఉప్పు తడిలో రెండు వేర్వేరు లోహాలు ఆనుకొని ఉంటే బ్యాటరీ సూత్రం మొదలవుతుంది. అల్యూమినియం తాను కరిగిపోతూ పక్కనున్న ఉక్కును కొంతవరకు కాపాడుతుంది. నూనె, గ్రీజు పట్టిన చోటికి తుప్పు ఆలస్యంగా చేరుతుంది. బాబ్స్ పైబాడీ చాలామటుకు పోయింది. లోపలి యంత్ర భాగాలు కొన్ని మాత్రం పనికొచ్చే స్థితిలోనే మిగిలాయి. ఓవెన్ ఆ శిథిలాన్ని పర్వతాల నడుమ ఉన్న కాపెల్ క్యూరిగ్‌కు తీసుకుపోయి పదిహేనేళ్లకు పైగా దాని మీద పని చేశాడు. బిగుసుకుపోయిన నట్టును విరగకుండా ఊడదీయాలి. విరిగిన ముక్క ప్రమాదంలో విరిగిందా, తర్వాత తుప్పుతో విరిగిందా తేల్చుకోవాలి. చరిత్రకారుడి పనిలో పాత పత్రికలు తిరగేయడం సులువైన సగం. కష్టమైన సగం ఇది.

చైను కథ సడలింది అప్పుడే. బయటపడ్డ శిథిలాన్ని పరిశీలించాక, మొదట కుడివైపు వెనుక చక్రం దెబ్బతిని, కారు తిరగబడ్డాకే మిగతావన్నీ జరిగి ఉంటాయన్న వాదన బలపడింది. అందరూ దాన్ని ఒప్పుకోలేదు. కానీ తవ్వకపోతే ఆ వాదనకు చోటే ఉండేది కాదు.

కొత్త బాడీ వేశాక అది పాత బాబ్సేనా అని కొందరు అడుగుతారు. నాకు ఆ ప్రశ్న మీద పెద్ద ఆసక్తి లేదు. అద్దాల వెనక నూనె చుక్క లేకుండా కూర్చోబెట్టే రిపేరు ఒకటుంది, రంగు చక్కగా వేస్తే చాలు. ఓవెన్ అలాంటి పని చేయలేదు. బాబ్స్‌లో లిబర్టీ ఇంజన్ మళ్లీ స్టార్టయింది, జనం ముందు నడిచింది. పెండైన్ మ్యూజియంలోనూ, బ్రూక్‌లాండ్స్‌లోనూ దాన్ని ప్రదర్శనకు పెట్టారు. 27 లీటర్ల ఇంజన్ ఎంత చప్పుడు చేస్తుందో, ఆ చప్పుడు పక్కనే కూర్చుని 171 మైళ్ల వేగంతో పోవడానికి ఎలాంటి మనిషి కావాలో ఫోటో చూస్తే ఊహకందదు.