యాంటెనాలు లెక్కెట్టి రౌటర్ కొనకండి

2016 డిసెంబర్లో కోనసీమలోని మోరి ఊళ్ళో ఏపీ ఫైబర్‌నెట్ మొదలెట్టారు. నెలకి 149 రూపాయలకే నెట్టు, ఫోను, టీవీ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ ఊళ్ళలోకొచ్చింది. ఇవాళ మన పిల్లలు ఆన్‌లైన్ సెంటర్లు, డీటీపీ షాపులు పెట్టుకుంటన్నారు. కానీ స్తంభం నుంచి బల్ల దాకా ఉన్న ఆఖరి ఇరవై అడుగుల సంగతి ఎవరూ చెప్పట్లేదు. అప్లికేషన్‌కి ఆఖరి రోజున నెట్టు తిరుగుతానే ఉంటే, వచ్చినోళ్ళు పక్క షాపుకి పోతారు. పోయేది మన కూలే.

నాలుగు యాంటెనాలుంటే నెట్టు నాలుగింతలు రాదండి. పెట్టె మీద 1200 అని రాస్తారు. అది రెండు బ్యాండ్లవి, 300, 867 కలిపేసిన కాగితం లెక్క. మీ ప్లాను 50 ఎంబీపీఎస్ అయితే ఎంత ఖరీదైన రౌటరైనా అంతకు మించి ఇవ్వలేదు.

ముందు ఫైబర్ వాళ్ళిచ్చిన పెట్టెలోనే వైఫై ఉందేమో చూడండి. ఒక్క గది ఆఫీసుకి చాలాసార్లు అదే సరిపోద్ది. దానికి వైరు తగిలించి స్పీడు చూడండి. వైరులోనూ నెమ్మదైతే తప్పు లైనుదో ప్లానుదో. రౌటర్ మార్చినా డబ్బు దండగ. వైరులో బాగుండి, వైఫైలో పడిపోతేనే కొత్తది కొనండి.

కొంటే రెండు బ్యాండ్లున్నది కొనండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడ దాటి దూరం పోద్ది గానీ చుట్టుపక్కల వైఫైలతో కిక్కిరిసి ఉంటది. 5 జోరుగా ఉంటది, గోడ అడ్డమొస్తే నీరసపడద్ది. పోర్టులు గిగాబిట్‌వి ఉండాలి. 100 పోర్టైతే 200 ప్లాను కట్టినా వందలోపే వస్తది. కదలని కంప్యూటర్‌కి, ప్రింటర్‌కి వైరే వెయ్యండి.

కరెంటు పోతే ఏటి దారి? చిన్న యూపీఎస్ పెట్టుకోండి, ఫైబర్ పెట్టెకీ రౌటర్‌కీ రెండిటికీ. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి మరీ కొనండి.

అన్నిటికంటే ముఖ్యం తాళం. జనం ఆధార్ కాగితాలు మన కంప్యూటర్లో ఉంటాయి. అసలు పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు, వచ్చినోళ్ళకి గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చెయ్యండి. ఎవరో తప్పుడు పని చేస్తే ముందు అడిగేది కనెక్షన్ ఎవరి పేరనుందో వాళ్ళనే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఊళ్ళోకి తీగ వచ్చింది మన పన్నుల సొమ్ముతోనే. దాన్ని వాడుకునే తెలివి కూడా మన దగ్గరే ఉండాలి, అమ్మేవాడి మాటలో కాదు.