కడుపు నొప్పి పదేపదే వస్తోందా..? రోజూ గ్యాస్ ట్యాబ్లెట్‌తో సరిపెట్టేస్తే అసలు కారణం దాగిపోతుంది.. ఈ తేడాలు తెలుసుకోండి!

పొద్దున్నే పరగడుపున కడుపులో మంట. టిఫిన్ తిన్నాక పొట్ట ఉబ్బరం. రాత్రి పడుకుంటే పుల్లటి త్రేన్పులు. వెంటనే మెడికల్ షాపుకు వెళ్లి 'ఒక గ్యాస్ ట్యాబ్లెట్ ఇవ్వండి' అని అడగడం.. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో ఇది మామూలే. రెండు రోజులు హాయిగా ఉంటుంది. మూడో రోజు మళ్లీ నొప్పి, మళ్లీ అదే ట్యాబ్లెట్. ఇలా నెలలు గడిచిపోతాయి. కడుపులో ఏ నొప్పి వచ్చినా దానికి 'గ్యాస్' అని పేరు పెట్టేయడం మనకు అలవాటైపోయింది.

అయితే కడుపు అంటే ఒక్క జీర్ణాశయం మాత్రమే కాదు. లివర్, గాల్ బ్లాడర్, పాంక్రియాస్, పేగులు, కిడ్నీలు, మహిళల్లో గర్భసంచి, అండాశయాలు.. ఇవన్నీ అక్కడే ఉంటాయి. వీటిలో దేనికి ఇబ్బంది వచ్చినా మనకు తెలిసేది 'కడుపు నొప్పి'గానే. అందుకే నొప్పి తగ్గిందా లేదా అన్నదానికంటే అది ఎక్కడ, ఎప్పుడు, దేనితో పాటు వస్తోందన్నదే ముఖ్యం.

నొప్పి ఎక్కడ ఉంది..?

బయట తిన్నది పడకపోతే వచ్చే నొప్పి వాంతులు, విరేచనాలతో మొదలై సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. వారాల తరబడి వదలని నొప్పి, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే నొప్పి సంగతి వేరు. అలాంటప్పుడు నొప్పి ఉన్న చోటే మొదటి క్లూ ఇస్తుంది.

పొట్ట పైభాగంలో మధ్యలో, అంటే ఛాతీ ఎముక కింద మంటగా ఉంటే ఎసిడిటీ, గ్యాస్ట్రైటిస్ లేదా అల్సర్ కావచ్చు. చిన్నపేగు మొదట్లో అల్సర్ ఉంటే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, అర్ధరాత్రి దాటాక నొప్పి ఎక్కువై, ఏదైనా తింటే కాస్త తగ్గుతుంది. జీర్ణాశయంలో అల్సర్ ఉంటే తిన్న కాసేపటికే నొప్పి పెరగొచ్చు. ఈ తేడా అందరిలోనూ ఒకేలా ఉండదు కానీ, డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం మాత్రం ఇదే.

కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తూ, అది కుడి భుజం లేదా వీపు వైపు పాకుతుంటే గాల్ బ్లాడర్‌లో రాళ్లు ఉన్నాయేమో చూడాలి. నూనె ఎక్కువగా ఉన్న భోజనం, బిర్యానీ లాంటివి తిన్న తర్వాత ఈ నొప్పి మొదలై, అరగంట నుంచి కొన్ని గంటల వరకు ఉంటుంది. 'నిన్న బిర్యానీ తిన్నాను, గ్యాస్ పట్టేసింది' అనుకునేవాళ్లలో కొందరికి అసలు సమస్య ఇదే.

పొట్ట పైభాగంలో మొదలై నేరుగా వీపులోకి పొడిచినట్టుగా ఉండి, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గితే అది పాంక్రియాస్ నొప్పి కావచ్చు. మద్యం అలవాటు, గాల్ బ్లాడర్ రాళ్లు దీనికి ప్రధాన కారణాలు.

నడుము పక్క నుంచి గజ్జల వరకు అలలు అలలుగా నొప్పి వచ్చి, ఎటు పడుకున్నా కుదురు లేకుండా చేస్తే కిడ్నీలో రాళ్లు అయ్యే అవకాశం ఉంది. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కొన్ని గంటల్లో కుడివైపు కిందకు జరిగితే అపెండిసైటిస్‌ను అనుమానించాలి. ఇది ఇంట్లో చూసుకునే నొప్పి కాదు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

మోకాళ్ల నొప్పికి వేసుకున్న గోళీ.. కడుపులో పుండు!

చాలామంది గమనించని కారణం ఒకటుంది. అదే పెయిన్ కిల్లర్. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి, తలనొప్పి అంటూ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మందులను రోజూ వేసుకునేవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడే సహజమైన రక్షణ ఒకటి ఉంటుంది. ఈ మందులు నొప్పిని తగ్గిస్తూనే ఆ రక్షణనూ దెబ్బతీస్తాయి. దాంతో పొర పలచబడి పుండ్లు పడతాయి. ఒక్కోసారి రక్తస్రావం కూడా అవుతుంది.

'గోళీ కడుపుకు పడదు, సూది వేయించుకుంటే పోతుంది' అని కొందరు అనుకుంటారు. ఇది పొరపాటు. ఈ మందు రక్తంలో కలిసి పనిచేస్తుంది కాబట్టి ఇంజెక్షన్ రూపంలో తీసుకున్నా కడుపుపై ప్రభావం ఉంటుంది. గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌కూ ఈ ఇబ్బంది ఉంది. అలాగని దాన్ని సొంతంగా ఆపేయకూడదు. ఆపితే గుండెకే ప్రమాదం. కడుపులో మంట ఉందని డాక్టర్‌కు చెబితే రక్షణగా ఇంకో మందు కలిపి రాస్తారు.

కారం వల్లే అల్సర్ వస్తుందా..?

అల్సర్ అనగానే అందరూ ఆవకాయనో, మిర్చి బజ్జీనో తప్పుపడతారు. టెన్షన్ వల్ల వచ్చిందని ఇంకొందరు అంటారు. నిజానికి కారం ఉన్న పుండును మండిస్తుంది తప్ప పుండును పుట్టించదు. పెయిన్ కిల్లర్లను పక్కన పెడితే, అల్సర్లకు పెద్ద కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా.

ఈ విషయం ప్రపంచానికి చెప్పింది ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్. యాసిడ్ ఉండే కడుపులో బ్యాక్టీరియా ఎలా బతుకుతుందంటూ మొదట్లో చాలామంది డాక్టర్లు నమ్మలేదు. దాంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగేశారు. కొద్ది రోజుల్లోనే ఆయనకు వాంతులు మొదలయ్యాయి. పరీక్ష చేస్తే గ్యాస్ట్రైటిస్ వచ్చినట్టు తేలింది. వీరిద్దరికీ 2005లో నోబెల్ బహుమతి దక్కింది.

ఇది మనకెందుకంటే.. పైలోరీ వల్ల వచ్చిన అల్సర్‌కు గ్యాస్ ట్యాబ్లెట్ ఒక్కటే సరిపోదు. పుండు తాత్కాలికంగా మానినా బ్యాక్టీరియా అక్కడే ఉంటే మళ్లీ తిరగబెడుతుంది. యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మందు కలిపి సాధారణంగా 14 రోజుల కోర్సు వాడాలి. నొప్పి తగ్గిందని ఐదో రోజే ఆపేస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది. అంతేకాదు.. ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో కడుపు క్యాన్సర్‌కు దారితీసే ముప్పు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

గ్యాస్ ట్యాబ్లెట్ చేసే పని ఏంటి..?

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్.. మనం గ్యాస్ ట్యాబ్లెట్ అని పిలిచేవి ఎక్కువగా ఇవే. పేరుకు గ్యాస్ ట్యాబ్లెట్ అంటున్నా ఇవి గ్యాస్‌ను తగ్గించవు, యాసిడ్ తయారీని తగ్గిస్తాయి. ఎసిడిటీ, అల్సర్ ఉన్నవాళ్లకు ఇవి నిజంగా మంచి మందులే. టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తాయి. తిన్నాక వేసుకుంటే ఆశించినంత ఫలితం ఉండదు.

సమస్య ఎక్కడంటే.. డాక్టర్‌ను అడగకుండా నెలలు, ఏళ్లు వాడేయడం. దీర్ఘకాలం వాడితే కొందరిలో బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. లోపల పెరుగుతున్న జబ్బు లక్షణాలను ఈ ట్యాబ్లెట్ కొంతకాలం కప్పేస్తుంది. కడుపు క్యాన్సర్ తొలి దశలో వచ్చే మంట, అజీర్తి కూడా దీనితో తగ్గినట్టే అనిపించొచ్చు. తగ్గింది కదా అని ఊరుకుంటే విలువైన సమయం పోతుంది. అందుకే రెండు వారాలు వాడినా పూర్తిగా తగ్గకపోయినా, ఆపగానే మళ్లీ మొదలైనా ఇంకో స్ట్రిప్ కొనకుండా డాక్టర్‌ను కలవాలి.

స్కానింగ్ నార్మల్.. మరి నొప్పి ఎందుకు తగ్గట్లేదు?

'స్కానింగ్ తీయించాం, అంతా నార్మల్ అన్నారు, అయినా నొప్పి పోవట్లేదు'.. డాక్టర్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో గాల్ బ్లాడర్ రాళ్లు, కిడ్నీ రాళ్లు, గర్భసంచి, అండాశయాల్లో గడ్డలు బాగా కనిపిస్తాయి. కానీ జీర్ణాశయం లోపలి పుండు మామూలుగా అందులో కనిపించదు. దానికి ఎండోస్కోపీ కావాలి. ఎండోస్కోపీ అనగానే భయపడాల్సిన పని లేదు. కొన్ని గంటలు ఏమీ తినకుండా వెళ్తే చాలు, పరీక్ష కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. పైలోరీని శ్వాస పరీక్ష, మల పరీక్షతో కూడా గుర్తించొచ్చు. అయితే గ్యాస్ ట్యాబ్లెట్, యాంటీబయాటిక్స్ వాడుతుంటే రిజల్ట్ తప్పుగా వచ్చే అవకాశం ఉంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ను ముందే అడగాలి.

అన్ని పరీక్షలూ నార్మల్ వచ్చినా నొప్పి ఉంటే ఐబీఎస్ కావచ్చు. ఇందులో పేగులు చూడటానికి బాగానే ఉంటాయి కానీ కదలికల్లో, స్పందనలో తేడా ఉంటుంది. కనీసం వారానికోసారి నొప్పి, మోషన్‌కు వెళ్తే నొప్పిలో మార్పు, కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు.. ఇలా మూడు నెలలుగా జరుగుతుంటే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. ఈ నొప్పి ఊహ కాదు, నిజమైనదే. 'నీకేం లేదు, అంతా మనసులోనే ఉంది' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తే ఆ ఒత్తిడితో ఇంకా పెరుగుతుంది. ఆహారంలో మార్పులు, నిద్ర, వ్యాయామం, అవసరమైతే మందులతో దీన్ని అదుపులో పెట్టుకోవచ్చు.

పాలు తాగిన గంట, రెండు గంటల్లో ఉబ్బరం, నొప్పి, విరేచనం అవుతుంటే పాలలోని చక్కెర అరగడం లేదేమో గమనించాలి. అలాంటివాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. ఒక వారం పాలు, పాలతో చేసిన టీ, కాఫీ ఆపి చూస్తే తేడా తెలుస్తుంది.

మహిళలు, పిల్లల్లో..

మహిళల్లో పొత్తికడుపు నొప్పిని 'నెలసరి నొప్పే కదా' అని వదిలేస్తుంటారు. నెలసరి సమయంలో పనులు చేసుకోలేనంత నొప్పి నెలనెలా వస్తుంటే ఎండోమెట్రియోసిస్, గర్భసంచిలో గడ్డలు ఉన్నాయేమో చూపించుకోవాలి. నెల తప్పిన తర్వాత ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో ఉండిపోయి ఉండొచ్చు. ఇది ప్రాణాపాయం.. నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు.

పిల్లల్లో నులిపురుగులు, మలబద్ధకం తరచూ కనిపించే కారణాలు. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం సందర్భంగా స్కూళ్లు, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. బడికి వెళ్లే టైమ్‌కే నొప్పి వస్తుంటే తిట్టకుండా, బడిలో ఏదైనా భయం ఉందేమో నెమ్మదిగా అడగాలి. నొప్పితో నిద్రలో లేస్తున్నా, బరువు తగ్గుతున్నా మాత్రం డాక్టర్‌కు చూపించాలి.

ఇక సాయంత్రం పూట జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడంతో పాటు నెలల తరబడి కడుపు నొప్పి ఉంటే పేగుల టీబీ కూడా కావచ్చు. టీబీ అంటే ఊపిరితిత్తులకే అనుకోవద్దు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీనికి మందులు ఉచితం, పూర్తి కోర్సు వాడితే నయమవుతుంది.

ఇవి కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు

- మలం తారులా నల్లగా రావడం, మలంలో రక్తం, రక్తపు వాంతి
- ప్రయత్నించకుండానే బరువు తగ్గడం
- మింగేటప్పుడు అడ్డం పడటం, ఆగని వాంతులు
- కళ్లు పచ్చబడటం, నొప్పితో పాటు చలి జ్వరం
- పొట్ట చెక్కలా గట్టిపడటం, మోషన్, గ్యాస్ రెండూ ఆగిపోవడం
- 50 ఏళ్లు దాటాక తొలిసారిగా ఈ సమస్య మొదలవడం

ఒక్క మాట.. ఐరన్ మాత్రలు వాడేవారికీ మలం నల్లగానే వస్తుంది. కానీ జిగటగా, దుర్వాసనతో, నీరసంతో ఉంటే దాన్ని రక్తస్రావంగానే భావించి ఆస్పత్రికి వెళ్లాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది గుండె. గుండెపోటు ప్రతిసారీ ఛాతీ నొప్పితోనే రాదు. ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, మహిళల్లో, పెద్ద వయసువారిలో పొట్ట పైభాగంలో మంటలా, అజీర్తిలా రావొచ్చు. దాంతో పాటు చెమటలు, ఆయాసం, దవడకో చేతికో నొప్పి పాకడం ఉంటే సోడా తాగుతూ, వాము నములుతూ సమయం వృథా చేయొద్దు. వెంటనే 108కు ఫోన్ చేసి, ముందు ఈసీజీ తీయించాలి. తీరా అది గ్యాసే అని తేలితే పోయేదేమీ లేదు.. గుండెపోటును గ్యాస్ అనుకుంటే మాత్రం ప్రాణమే పోవచ్చు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేముందు..

ప్రమాద సూచనలు ఏవీ లేకపోతే వారం, పది రోజుల పాటు ఒక చిన్న నోట్‌బుక్‌లో ఇవి రాసుకోవాలి. నొప్పి ఎక్కడ, ఏ టైమ్‌కు వచ్చింది, అంతకుముందు ఏం తిన్నారు, తింటే పెరిగిందా తగ్గిందా, మోషన్ ఎలా ఉంది, నొప్పి రాత్రి నిద్ర లేపిందా. వాడుతున్న మందులన్నీ, పెయిన్ కిల్లర్లు, నాటు మందులతో సహా దాచకుండా చెప్పాలి. మద్యం, సిగరెట్ అలవాటు ఉంటే అదీ చెప్పాలి. సగం రోగ నిర్ధారణ ఈ సమాధానాల్లోనే ఉంటుంది. అనవసరమైన పరీక్షల ఖర్చూ తగ్గుతుంది.

ఈలోగా ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించాలి. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొద్దికొద్దిగా తినాలి. పరగడుపున టీ, కాఫీ తగ్గించాలి. త్రేన్పులు గొంతులోకి వస్తుంటే తలవైపు మంచం కాస్త ఎత్తు చేసుకోవాలి. మంటకు చల్లని పాలు కాసేపు హాయినిచ్చినా ఆ తర్వాత యాసిడ్ మళ్లీ పెరుగుతుంది కాబట్టి అదే వైద్యం అనుకోవద్దు. బీపీ ఉన్నవారు సోడా పొడులను తరచూ తాగకపోవడమే మంచిది, వాటిలో సోడియం ఎక్కువ.

ఈ వివరాలు అవగాహన కోసమే, డాక్టర్ సలహాకు బదులు కావు. అప్పుడప్పుడూ వచ్చే మంటకు ఒక ట్యాబ్లెట్ వేసుకుంటే తప్పు లేదు. కానీ ఆ స్ట్రిప్ ఇంట్లో నెలనెలా కొనే సరుకుల చీటీలో చేరిపోయిందంటే.. అది ఇక గ్యాస్ అనుకోవాల్సిన సమయం కాదు, డాక్టర్‌ను కలవాల్సిన సమయం.